వరస కలపరాదు

నాకు వచ్చిన విద్య ఒక్కటే. మనిషి గుమ్మంలోకి రాగానే వరస కలపడం.

ఎమ్మెస్‌డబ్ల్యూ పట్టా ఉంది, కాదనను. రెండేళ్ళు విశ్వవిద్యాలయంలో కూర్చుని మనిషి కష్టం గురించి బోలెడు ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నాను. కుటుంబ సలహా కేంద్రంలో చేరిన కొద్ది రోజులకే ఆ మాటలతో ఇక్కడ పని జరగదని తేలిపోయింది. మా దగ్గరకొచ్చే వాళ్ళెవరూ "నాకు భావోద్వేగపరమైన ఇబ్బంది ఉంది" అనరు. గుమ్మం బయటే నిలబడి, "బాబూ, మొగుడూ పెళ్ళాల గొడవలు చూసేది ఇక్కడేనాండి?" అంటారు. "ఇక్కడే పిన్నీ, లోపలికి రా. ఏ ఊరు మీది?" అంటాను. ఊరి పేరు చెబుతుంది. ఆ ఊళ్ళో నాకు తెలిసిన పేరొకటి నేను చెబుతాను. తెలిసిన పేరు లేకపోతే పక్క ఊరిది చెబుతాను. టీ వచ్చేలోగా ఆవిడ నాకు మేనత్తో పెద్దమ్మో అయిపోతుంది. ఇక ఆవిడ చెప్పేది నేను వింటాను, నేను చెప్పేది ఆవిడ వింటుంది. నా వృత్తి నైపుణ్యమంతా ఇంతే. నా పేరు దైవసహాయం. ఆ పేరు చూసి పెద్ద సహాయమే ఆశించి వచ్చినవాళ్ళకి కూడా నేనిచ్చింది ఒక వరస, ఒక టీ.

ఆ ఒక్క విద్యనీ ప్రభుత్వం ఒకనాడు నిషేధించింది.

సర్క్యులర్ ఇలా ఉంది: "సేవా ప్రదాతలు సేవార్థులతో వృత్తిపరమైన దూరము పాటించవలెను. అమ్మ, అక్క, అన్న, బాబాయి, పిన్ని ఇత్యాది బంధుత్వ సూచక పదములు వాడరాదు." దీనికి కారణం కూడా చెప్పుకున్నారు. ఏదో జిల్లాలో ఒక సలహాదారు తన దగ్గరకొచ్చిన ఆవిడని "చెల్లెమ్మా" అన్నాడట. ఆవిడ అది నిజమే అనుకుని శ్రావణమాసంలో పుట్టింటి చీర కోసం వాళ్ళింటికి వెళ్ళిందట. తలుపు ఆయన భార్య తీసిందట. తర్వాతి కథ నాకు తెలియదు. ఆ తర్వాత వచ్చింది సర్క్యులరే.

జిల్లా ఆఫీసులో మాకు శిక్షణ ఇవ్వడానికి సంయుక్త సంచాలకులు త్రివిక్రమరావు గారు స్వయంగా వచ్చారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళ మధ్య ఉండి, గెజిట్‌లో అచ్చయ్యే తెలుగే మాట్లాడే అలవాటు పడ్డారు. మంచినీళ్ళు కావాలన్నా "జలము అందించవలసినది" అంటారు.

"సాన్నిహిత్యము సేవకు శత్రువు," అని మొదలుపెట్టారు. "వైద్యుడు రోగిని మావయ్యా అని పిలిచి కత్తి పెట్టునా? పెట్టడు. మనమునూ అంతే."

నేను చెయ్యెత్తాను. "సార్, ఎనభై ఏళ్ళ ముసలావిడ వస్తే ఏమని పిలవాలండి?"

"వయోధిక సేవార్థి గారూ, అని సంబోధించవలెను."

"వినపడకపోతేనండి?"

"బిగ్గరగా సంబోధించవలెను."

వెనక ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. నా ప్రశ్నని చిన్న పుస్తకంలో రాసుకుని "మంచి సందేహము" అని నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎంత దూరం తీసుకెళుతుందో అప్పటికి నాకు తెలియదు.

తిరిగొచ్చేసరికి మా కేంద్రం గుమ్మానికి కొత్త బోర్డు వేలాడుతోంది. "బంధుత్వ రహిత ప్రాంగణము." చదువు వచ్చినవాళ్ళు కొందరు అది అనాథాశ్రమం అనుకుని వెళ్ళిపోయారు. లోపల గోడకి మాట కూడా వినే కెమెరా ఒకటి బిగించారు. వినేవాళ్ళు పై ఆఫీసులో ఉంటారట. మా అటెండరు నాగరత్నం దానికి నమస్కారం పెట్టి తన పని మొదలుపెట్టేది. నేను నమస్కారం పెట్టలేదు గానీ దాని ఎదుట కుర్చీలో సరిగ్గా కూర్చునేవాణ్ణి. నాది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి మార్చిలోనూ పొడిగించాలి. నా ధైర్యం ఫిబ్రవరిలోనే అయిపోతుంది.

అదే సమయంలో నూకరాజు సంగతి నడుస్తోంది.

నూకరాజు కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడు. ఆ చుట్టుపక్కల తోటల్లో అతనంత వేగంగా ఎక్కేవాళ్ళు లేరని చెప్పుకునేవారు. ఒక వాన రోజున చెట్టు మీంచి జారి పడ్డాడు. తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది గానీ కాలు మునుపటిలా నిలవలేదు. చంకకర్ర వచ్చింది. భార్య భవాని రొయ్యల కంపెనీలో వలుపు పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ కూడు తినడం అతనికి చేతకాలేదు. ఒక రోజు చాపా దుప్పటీ తీసుకుని కొబ్బరి వ్యాపారి గోదాము పక్కనున్న పాకలోకి వెళ్ళిపోయాడు. ఇంటికి రమ్మంటే రాడు.

మొదటిసారి నా దగ్గరకొచ్చినప్పుడు భవాని కుర్చీలో కూర్చోకుండా చెప్పింది. "మాటలు తేడాగా ఉన్నాయండి. నేను లేకపోతే మీకే సుఖం అంటన్నాడు. నాకు కాళ్ళాడ్డంలేదు అన్నయ్యగారూ."

ఆ మాట విన్నాక నేను ఊరికే కూర్చోలేదు. ఇది సర్క్యులర్‌కి ముందు సంగతి. పాక దగ్గరకి వెళ్ళి కొబ్బరి పీచు కుప్ప మీద అతని పక్కన కూర్చున్నాను. "బావా" అన్నాను. పలకలేదు. మళ్ళీ వెళ్ళాను. ఊళ్ళ సంగతులు, వానల సంగతులు చెప్పుకుంటూ కూర్చుని వచ్చేశాను. కొన్నాళ్ళకి తనే నోరు విప్పాడు.

"చెట్టు మీంచి చూత్తే మా ఇల్లు కనపడేది బావా. సాయంత్రం దీపం పెట్టేరా లేదా చూసుకుని దిగేవోణ్ణి. ఇప్పుడా ఇంట్లో కూర్చుని పెళ్ళాం ఎప్పుడొత్తాదా అని గుమ్మంకేసి చూడాల. ఎలా చూడమంటావు?"

"అదే మాట చెల్లెమ్మకి చెప్పు. ఒకసారి ఆఫీసుకి ఇద్దరూ రండి, నేను పక్కనుంటాను" అన్నాను. సరేనన్నాడు.

అతను వచ్చేసరికి కెమెరా వచ్చేసింది.

చంకకర్ర చప్పుడు వినగానే నేను లేచి నిలబడబోయి, గోడకేసి చూసి, మళ్ళీ కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను. "నమస్కారం సేవార్థి గారూ. దయచేసి ఆసీనులు కండి" అన్నాను.

నూకరాజు వెనక్కి తిరిగి చూశాడు, తన వెనకాల ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు.

"మా బావ లేడాండి?" అన్నాడు నన్నే చూస్తూ.

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"అయితే ఆయన ఉన్నప్పుడే వత్తానండి," అని కర్ర తిప్పుకుని వెళ్ళిపోయాడు.

భవాని మాత్రం నిలబడిపోయింది. "అన్నయ్యగారూ, మీకేవన్నా పిచ్చెక్కిందా?" అంది. నేను కళ్ళతో కెమెరాని చూపించాను. ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది. "ఆ డబ్బాకి భయపడి మనిషిని పంపించేత్తారా? నెలనుంచి బతిమాలి తీసుకొచ్చేనండి!" అంటూ అతని వెనకే పరిగెత్తింది.

ఆ సాయంత్రం ఆఫీసు అయ్యాక పాక దగ్గరకి వెళ్ళాను. "బావా" అన్నాను మెల్లగా. నూకరాజు కొబ్బరికాయ వలుస్తున్నాడు. తలెత్తలేదు.

"ఆఫీసులో ఒక పిలుపు, పాకలో ఒక పిలుపు. ఇందులో ఏది నిజమండి?" అన్నాడు. నేను ఉద్యోగం గురించి చెప్పబోయాను. "ఎల్లండి. మీ ఉద్యోగం మీరు చేసుకోండి," అన్నాడు. 'అండి' అన్నాడు నన్ను.

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే కొందరు అరుస్తారు, కొందరు రాజీనామా చేస్తారు. నేను పై ఆఫీసుకి వెటకారంగా ఒక ఉత్తరం రాశాను. గెజిట్ తెలుగులోనే రాశాను: "సర్క్యులర్ ప్రకారము మేము సేవార్థులకు దూరముగానే ఉంటున్నాము. అయితే గదిలో భార్య భర్తను 'మావా' అనియు, బిడ్డ తండ్రిని 'నాన్నా' అనియు పిలుచుచున్నారు. దీనివలన వారి మధ్య సాన్నిహిత్యము ఏర్పడు ప్రమాదమున్నది. తగు ఆదేశములు ఇప్పించగలరు."

పంపించి ఇంటికెళ్ళి హాయిగా భోజనం చేశాను. వాళ్ళకి సిగ్గేసి సర్క్యులర్ వెనక్కి తీసుకుంటారని నా ఊహ.

వారంలో జవాబు వచ్చింది. "మీ క్షేత్రస్థాయి పరిశీలన మిక్కిలి అభినందనీయము. ఇకపై సలహా గదిలో కుటుంబ సభ్యులు సైతము పరస్పరము బంధుత్వ పదములు వాడరాదు. ఫిర్యాదిని మొదటి పక్షము అనియు, ఎదుటివారిని రెండవ పక్షము అనియు, పిల్లలున్న యెడల మూడవ, నాలుగవ పక్షములు అనియు వ్యవహరించవలెను." రాష్ట్రంలో కుటుంబ సలహా కేంద్రాలన్నింటికీ నకళ్ళు వెళ్ళాయి. కింద నా పేరుతో ప్రశంస కూడా ఉంది.

మర్నాడే ఒక అత్తా కోడలూ వచ్చారు. "రెండో పక్షం గారు నా చారులో ఉప్పెక్కువేశారండి," అని కోడలు, "మొదటి పక్షం గారికి నాలిక పొడుగండి," అని అత్తగారు. తిట్టుకోవడానికి ఊపు రాక ఇద్దరూ మధ్యలోనే విసుగెత్తి బస్సు టైమైందని వెళ్ళిపోయారు. కేసు పరిష్కారమైనట్టు నాగరత్నం రాసేసింది.

నేనింకా పాఠం నేర్చుకోలేదు. రెండో ఉత్తరం రాశాను. "మొదటి పక్షము రెండవ పక్షమునకు నిజముగా భార్యయేనా, మూడవ పక్షము వారి సంతానమేనా అని నిర్ధారించు మార్గము మా వద్ద లేదు. దారిన పోవువారు కుటుంబముగా నటించి ఉచిత సలహా పొందు అవకాశమున్నది." ఇంత అర్థంలేని మాటని ఎవరైనా నవ్వి పారేస్తారనుకున్నాను.

"మీ దూరదృష్టి అమోఘము," అని జవాబు వచ్చింది. బంధుత్వ ధ్రువీకరణ పత్రం తేవాలి. తేని పక్షాలను రికార్డుల్లో "పరస్పర అపరిచితులు"గా నమోదు చేయాలి.

ఆ కాగితం చదివి నాగరత్నం కెమెరాకి వీపు పెట్టి, గొంతు తగ్గించి, నాకు దణ్ణం పెట్టింది. "మీరింక ఏవీ రాయకండి బాబూ. మీకు పుణ్యవుంటాది."

ఈ రెండో ఉత్తర్వు మాత్రం నేను అనుకోని చోట తగిలింది. భవాని మళ్ళీ వచ్చినప్పుడు, పత్రం లేకపోతే ఆవిడనీ, భర్తనీ, కూతుర్నీ అపరిచితులుగా రాయాల్సి ఉంటుందని చెప్పాను. ఆవిడ నేరుగా పాక దగ్గరకెళ్ళి ఆ మాట భర్త చెవిన వేసింది. ఇంటికి రమ్మని బతిమాలితే కదలని నూకరాజు ఆ మాటకి లేచి నిలబడ్డాడట.

"ఎవడాడు, నా కూతురు నాకెవత్తో అని రాసేవోడు?"

ఆ మర్నాడే చంకకర్రతో బస్సెక్కి మండలాఫీసుకి వచ్చాడు. పక్కన భవాని, ఆవిడ చెయ్యి పట్టుకుని మూడో తరగతి చదివే కూతురు జాహ్నవి. పత్రం ఇచ్చే ఉద్యోగి ముఖమైనా ఎత్తకుండా "ఈవిడ మీ భార్య అనడానికి ఆధారం ఏంటి?" అని అడిగాడట. నూకరాజు అతని బల్ల మీద చెయ్యి వేసి చెప్పాడట: "నేను చెట్టు మీంచి పడ్డప్పుడు ఆసుపత్రికి నన్ను మోసుకెళ్ళింది ఇదేనండి. ఇదే ఆధారం. ఇంకోటి కావాలా?" వరసలో నిలబడ్డ వాళ్ళందరూ ఉద్యోగి మీదకి లేచారట. పత్రం అప్పటికప్పుడే వచ్చేసింది. ఇదంతా భవాని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడ ముఖం చాలాకాలానికి తేటగా ఉంది. "అందరి ముందూ నా పెళ్ళాం అన్నాడండి," అంది. అయినా సాయంత్రానికి నూకరాజు మళ్ళీ పాకకే వెళ్ళిపోయాడు.

ఇంతలో త్రివిక్రమరావు గారు తనిఖీకి వస్తున్నారని కబురు. ఇన్ని మంచి సందేహాలు పుట్టిన కేంద్రాన్ని ఆయన కళ్ళారా చూడాలట. ఆయన ముందు ఒక కేసు నడిపి చూపించాలి. పూర్తి పత్రాలున్నది నూకరాజు కుటుంబానికే. భవాని "మీరు పిలిత్తే ఆయన రాడండి, అమ్మాయి పిలిత్తే వత్తాడు," అంది. జాహ్నవి వెళ్ళి పిలిచింది. వచ్చాడు.

ఆ రోజు ఉదయం వరండాలో ఆ పిల్లకి ఎలా మాట్లాడాలో నేర్పింది నేనే. పద్యం నేర్చుకున్నంత శ్రద్ధగా నేర్చుకుంది. "తప్పు చెప్తే కొడతారా అండి?" అని అడిగింది. కొట్టరన్నాను. నేను మనిషిననే సంగతి ఆ నిమిషంలో నాకు పెద్దగా గుర్తులేదు. మార్చి నెల దగ్గరలో ఉంది.

గదిలో త్రివిక్రమరావు గారు, ఆయన వెంట వచ్చిన ఉద్యోగులు ఒక వైపు. రెండో వైపు ముగ్గురూ, దూరం దూరంగా వేసిన కుర్చీల్లో. నూకరాజు కింద గచ్చుని చూస్తున్నాడు.

"మూడవ పక్షము తన మనోభావమును వ్యక్తపరచవచ్చును," అన్నారు త్రివిక్రమరావు గారు.

జాహ్నవి లేచి చేతులు కట్టుకుంది. "రెండో పక్షం గారూ, నమస్కారమండి. మీరు ఇంటికి ఎప్పుడొస్తారండి? మొదటి పక్షం గారు మీ కంచం కడిగి బోర్లించి పెడతన్నారండి. నేను అడిగితే కళ్ళలో పొగ పడిందంటన్నారండి. మనింట్లో గ్యాస్ పొయ్యండి."

నూకరాజు భుజాలు కదిలాయి. ముందు ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. భవాని కొంగు నోట్లో కుక్కుకుంది గానీ ఆగలేదు, ఆవిడకీ నవ్వు వచ్చేసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఇంకా నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో నూకరాజు ఏడవడం మొదలుపెట్టాడు.

"రెండో పక్షం ఏంటే నీ మొకం," అన్నాడు పిల్లని దగ్గరకి లాక్కుని. "నాన్నని."

"ఉల్లంఘన!" అని త్రివిక్రమరావు గారు వేలెత్తారు.

నూకరాజు కర్ర అందుకుని లేచాడు. "తప్పయిపోయిందండి. మేం ఇంటికెళ్ళి మాటాడుకుంటాం. అక్కడైతే ఈ డబ్బా ఉండదు," అన్నాడు. భవాని ఒక వైపు, పిల్ల ఒక వైపు. గుమ్మం దాటుతూ భవాని నాకేసి చూసింది. కృతజ్ఞతో జాలో నాకు తెలియలేదు.

త్రివిక్రమరావు గారు వాళ్ళు వెళ్ళిన వైపు చూసి లేచి నిలబడ్డారు. "చూచితిరా! ఇన్నాళ్ళు సాన్నిహిత్యము చేయలేని పనిని ఒక్క సమావేశములో దూరము చేసినది!" చప్పట్లు మోగాయి. నా భుజాల మీద శాలువా కప్పారు. ఆదర్శ సేవా ప్రదాత అన్నారు. అది కాదండి సంగతి, అనాలని నోటిదాకా వచ్చింది. మెడ మాత్రం శాలువాకి వీలుగా వంగింది.

నూకరాజు ఇంటి దగ్గరే ఉండి కొబ్బరి వలుపు, చీపుళ్ళు కట్టడం మొదలుపెట్టాడని నాగరత్నం చెప్పింది. సంతోషించాను. శాలువాని బీరువాలో పెట్టాను. అంతా సర్దుకుందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం భవాని ఆఫీసులోకి విసురుగా వచ్చింది. కుర్చీ చూపించబోయాను.

"కూర్చోడానికి రాలేదండి. మొన్న గోదారి లంక నుంచి దుర్గ అనే అమ్మాయి మీ దగ్గరికి వచ్చిందా?"

నాకు గుర్తులేదు. నాగరత్నానికి గుర్తుంది. ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడి "అన్నా, అన్నా" అని పిలిచిందట. బంధుత్వంతో పిలిస్తే పలకరాదని ఆ మధ్యే మరో రూలు కూడా వచ్చింది. ఎవరూ తలెత్తలేదట. బోర్డు చదువుకోమని నాగరత్నం సైగ చేసిందట. ఆ అమ్మాయికి చదువు రాదు. కాసేపు చూసి వెళ్ళిపోయింది.

"నాతో వలుపు పని చేత్తాదండి. మొగుడు కొడతన్నాడంటే నేనే చెప్పేను, మా అన్నయ్య ఉన్నాడు ఎల్లవే అని. మీరు పలకలేదంట. ఇంటికెళ్ళింది. ఈసారి చెయ్యి ఇరగ్గొట్టేడు. ఆసుపత్రిలో ఉంది." భవాని గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండుననిపించింది. "మీ అన్నయ్య పలకలేదే అని నన్నడిగిందండి. ఏం చెప్పమంటారు?"

నాగరత్నం గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తలెత్తని వాళ్ళలో నేనూ ఒకణ్ణి. నా బల్ల గుమ్మానికి ఎదురుగానే ఉంటుంది.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. దుర్గ చిన్న పిల్ల. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి భయపడి లేవబోయింది. ఆమెకి ఏం చెప్పానో సరిగ్గా గుర్తులేదు, ఎక్కువ చెప్పలేదు. మహిళా పోలీసు స్టేషన్‌కి ఫోన్ చేశాను. ఆమె అమ్మా వాళ్ళకి కబురు పంపాను. ఇంటికొచ్చి ఉత్తరం రాశాను. మొదటిసారి వెటకారం లేకుండా, మామూలు తెలుగులో రాశాను.

"అయ్యా, ఈ నిబంధన వల్ల మనుషులకి హాని జరుగుతోంది. మనవాళ్ళు కష్టంలో ఉన్నప్పుడు అన్నా, అమ్మా అని పిలుస్తారు. ఆ పిలుపుకి పలకకపోతే ఇక చెప్పుకోరు. మా గుమ్మంలో పిలిచి వెనుదిరిగిన అమ్మాయి ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. దయచేసి ఈ నిబంధన ఉపసంహరించండి." కింద సంతకం చేశాను. విషయం తెలిసి నూకరాజు, భవాని తామూ సంతకం పెడతామన్నారు. పెట్టారు.

జవాబు అంతకుముందు వచ్చినవాటికంటే తొందరగా వచ్చింది. నా ఉత్తరం "అవహేళనాపూర్వకముగా" ఉన్నదని, ప్రాంతీయ కార్యాలయానికి వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలని.

నేను ఒక్కణ్ణే వెళతానన్నాను. "సంతకం మేవూ పెట్టేం," అని నూకరాజు బయల్దేరాడు. భవానీ వచ్చింది. అక్కడ లిఫ్టు పనిచేయడం లేదు. పై అంతస్తు. నేను మెట్ల దగ్గర ఆగి అతనికేసి చూశాను. "చెట్టు కన్నా ఎత్తా?" అని కమ్మీ పట్టుకుని ఎక్కేశాడు. వాళ్ళిద్దరినీ బయట బల్ల మీద కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళాను.

త్రివిక్రమరావు గారు నిజంగానే బాధపడుతున్నారు. నా ఉత్తరాలు మూడూ బల్ల మీద పరిచి ఉన్నాయి.

"దైవసహాయం గారూ, మీ మొదటి రెండు లేఖలు ఎంత చిత్తశుద్ధితో వ్రాసితిరి! శాఖాపరముగా మీపై ఎన్నో ఆశలు పెట్టుకొంటిమి. గోదావరి వారికి వెటకారము ఎక్కువని విన్నాను గాని, ఇంతటి బాధ్యతా రహితమైన వెటకారము ఎన్నడూ చూడలేదు. పిలుపుకు పలకనంత మాత్రాన చెయ్యి విరుగునా?"

"వెటకారం కాదండి. జరిగిందే రాశాను."

"ఇదిగో, మరల!"

"సార్, వెటకారం మొదటి రెండు ఉత్తరాలండి."

ఆయన నాకేసి అయోమయంగా చూశారు. మొదటి ఉత్తరం చేతిలోకి తీసుకుని ఒకసారి చదివారు. కింద పెట్టారు. "కావు," అన్నారు గట్టిగా. పాపం, దాని మీద రాష్ట్రమంతటికీ ఉత్తర్వులిచ్చిన మనిషి ఇంకేమంటారు? నేను నోరు మూసుకున్నాను.

నా గొంతు వినపడటం మానేసరికి నూకరాజు తలుపు తోసుకుని వచ్చేశాడు. వెనకే భవాని. "ఆయన్నేం అనకండి. ఆ అమ్మాయి సంగతి మేం చెప్తాం," అంటూ రెండడుగులు వేశాడు. అప్పుడే తుడిచిన గచ్చు. కర్ర కొస జారింది. మనిషి పక్కకి ఒరిగిపోయాడు.

నేను కదిలేలోపే త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి ఎగిరి బల్ల చుట్టూ పరిగెత్తి అతన్ని రెండు చేతులా పట్టుకున్నారు.

"ఓలమ్మో, పడిపోగలవు అన్నియ్యా! నన్నట్టుకో! గట్టిగ అట్టుకో!"

ముప్ఫై ఏళ్ళుగా ఆయన నోట్లోంచి రాని ఊరి మాట అది. ఆయన శ్రీకాకుళం వైపు వారని అప్పటిదాకా ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదట. గుమాస్తాలు టైపు చేయడం ఆపేశారు. మూలన, మా కేంద్రంలో ఉన్నటువంటి కెమెరానే ఉంది. అది చూస్తోంది, వింటోంది కూడా.

నూకరాజు ఆయన భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "పర్లేదు తమ్ముడూ. అలవాటే," అన్నాడు.

త్రివిక్రమరావు గారు అతన్ని తన కుర్చీలోనే కూర్చోబెట్టారు. తాను నిలబడే, భవాని దుర్గ గురించి చెప్పిందంతా విన్నారు. ఒక్కసారి కూడా వేలెత్తలేదు. మధ్యలో "ఏ సెయ్యి?" అని మాత్రం అడిగారు. కుడి చెయ్యి అంది భవాని. ఆయన మమ్మల్ని వెళ్ళమన్నారు. సంజాయిషీ సంగతి ఎత్తలేదు.

నిబంధన రద్దవుతుందని దారి పొడుగునా అనుకున్నాం. ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు తప్పని ప్రభుత్వమే ఎలా అంటుంది? వారం తర్వాత సవరణ ఒకటి వచ్చింది. "సేవా ప్రదాత నిలబడి యున్న సందర్భములకు, విశేషించి అత్యవసరముగా కుర్చీ నుండి లేచిన సందర్భములకు, పై నిబంధనలేవియు వర్తించవు."

నేను రెండుసార్లు చదివాను. నాగరత్నాన్ని పిలిచి నా కుర్చీ తీసి వెనక వరండాలో పెట్టమన్నాను.

ఇప్పుడు మా కేంద్రంలో వచ్చినవాళ్ళు కూర్చుంటారు, నేను నిలబడతాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పిన్నులు, బాబాయిలు, మేనత్తలు వస్తూనే ఉంటారు. సాయంత్రానికి పాదాలు బూరెల్లా పొంగుతాయి. ఎక్కువసేపు నిలబడవద్దని డాక్టరు అన్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో నా వృత్తికి ఇంత ఒళ్ళు వంచింది ఇప్పుడే గనక ఆయన మాట పట్టించుకోలేదు.

దుర్గ వాళ్ళమ్మ ఇంట్లో ఉంటోంది. కేసు నడుస్తోంది. వాయిదా సంగతి మాట్లాడటానికి మొన్న భవానితో వచ్చి కూర్చుంది. సరిగ్గా అప్పుడే చెప్పాపెట్టకుండా త్రివిక్రమరావు గారు తనిఖీకి దిగారు. నేను కంగారుగా ఖాళీ కుర్చీ చూపించాను.

"ఆసీనులు కండి సార్."

ఆయన కుర్చీకేసి చూశారు. గోడ మీది కెమెరాకేసి చూశారు. "అక్కర లేదు. నిలబడియే యుందును," అన్నారు.

తర్వాత దుర్గ వైపు తిరిగి, కొంచెం వంగి, "బోయినం సేసినావేటమ్మా?" అని అడిగారు.